ఎలుగు ముందు చేతిలో ఏముండాలి?

ఎలుగుబంటి కొట్టిన మనుషులు దేవరకొండ, అచ్చంపేట దిక్కు నుంచి ఎల్బీ నగర్‌లోని మా ఆసుపత్రికి వస్తారు. తలకు చుట్టిన తువాలు విప్పితే నెత్తి చర్మం ఊడి వేలాడుతుంటుంది. కన్ను, ముక్కు, దవడ ఎముక: నేను కుట్టే గాయాలు దాదాపు అన్నీ ముఖం మీదివే. మన ఎలుగు మనిషిని తినడానికి రాదు. దాని తిండి చెదలు, చీమలు, ఇప్పపువ్వు, రేగుపళ్ళు. మనం తెలియక మరీ దగ్గరికి వెళ్తే బెదిరి మీద పడుతుంది. వీపున పిల్లలుంటే ఇక చెప్పనక్కర్లేదు.

ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారకముందే అడవికి పోయిన ఒక పెద్దాయన, కుట్లు మానాక నాతో అన్నాడు: "గొడ్డలి భుజం మీదనే ఉండె సారూ, దించే యాళ్ళ యాడిది?" ఎలుగు దాడి గురించి ఇంతకన్నా సరైన మాట నేను వినలేదు.

తుపాకీ ఉంటే ఈ గాయాలు తప్పేవని ఆయన కొడుకు వాదించాడు. నాటు తుపాకీ గొట్టం పగిలి అరచెయ్యి చితికిన కుర్రాణ్ణి కూడా చూశాను నేను. అడవి పందికని పోయాడట. మన దేశంలో వేట నేరం. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూల్‌లో ఉంది. ప్రాణరక్షణకు జంతువును చంపితే 11వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది, కానీ ఆ క్షణంలో వేటాడుతున్నవాడికి అది వర్తించదు. తుపాకీ పట్టుకుని వేటకు పోయినవాడు ఆ రక్షణను ముందే వదులుకున్నట్టే.

అమెరికాలో వేటగాళ్ళకు తుపాకీ, మిరప స్ప్రే రెండూ దొరుకుతాయి. అలాస్కాలో ఎలుగులు ఎదురుపడిన ఘటనలను పరిశోధకుడు టామ్ స్మిత్ బృందం పరిశీలించింది. స్ప్రే వాడినప్పుడు సుమారు 90 శాతం సార్లు ఎలుగు వెనక్కి తగ్గిందని 2008లో రాశారు. చేతిలో తుపాకీ ఉన్నవాళ్ళు పేల్చినా పేల్చకపోయినా గాయాల్లో తేడా కనబడలేదని 2012లో తేల్చారు. అక్కడి ఎలుగులు వేరు, ఆ స్ప్రే డబ్బా కూడా వేరు: అది ఎనిమిది తొమ్మిది మీటర్ల దూరం దాకా మబ్బులా కమ్ముతుంది.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ పిల్లలు ఆత్మరక్షణకు కొనుక్కునే చిన్న పెప్పర్ స్ప్రే ఆ పని చేయదు. నల్లమల ట్రెక్కింగ్‌కు అదే చాలనుకుని బ్యాగులో వేసుకునే కుర్రాళ్ళను చూస్తే నాకు భయమేస్తుంది. బ్యాగు అడుగున ఉన్నది ఏదైనా ఆ పెద్దాయన గొడ్డలి లాంటిదే. ఎదురుగాలికి స్ప్రే తన మీదే పడి కళ్ళ మంటతో వచ్చిన అమ్మాయికి మేం కళ్ళను నీళ్ళతో చాలాసేపు కడిగాం. మీరూ అంతే చేయండి, రుద్దకండి.

2023లో చిరుత దాడి తర్వాత తిరుమల నడకదారిలో భక్తులకు కర్రలిచ్చి, గుంపులుగా వెళ్ళమన్నారు. నా లెక్కలో కర్ర కన్నా గుంపే ముఖ్యం. నల్లమల వెళ్ళేవాళ్ళు తెల్లారాకే కదలండి, నలుగురు కలిసి వెళ్ళండి, గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి, పుట్టలు, పొదలు, రాళ్ళ గుహల దగ్గర ఆగకండి. దాడి జరిగితే గాయాన్ని సబ్బునీళ్ళతో 15 నిమిషాలు కడగండి. నెత్తురు ధారగా కారుతుంటే మాత్రం ముందు శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. ఊడిన చర్మాన్ని కోసి పారేయకండి, దాన్ని తడిగుడ్డతో కప్పి తీసుకురండి. రేబిస్ టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అడిగి వేయించుకోండి.