విమానం మెట్ల దగ్గర తనిఖీ

2019 వేసవిలో ఒక మధ్యాహ్నం గన్నవరంలో దిగాం. మళ్లీ హైదరాబాద్ బయలుదేరడానికి అరగంటే ఉంది. మా ఏటీఆర్ విమానం ప్రొపెల్లర్లు ఆగేసరికి మెట్ల దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు కార్డులు చూపించి, "ర్యాంప్ ఇన్‌స్పెక్షన్ కెప్టెన్ గారూ, మీ పని మీరు చేసుకోండి, మధ్యలో అడుగుతాం" అన్నారు. కో-పైలట్‌గా నాకదే మొదటి తనిఖీ.

ముందు లైసెన్సులు, మెడికల్ సర్టిఫికెట్ల గడువులు చూశారు. కెప్టెన్ గారి మెడికల్‌లో కళ్లద్దాలు తప్పనిసరి అని రాసుంది. "రెండో జత ఉందా సార్?" అన్నారు. ఆయన బ్యాగులోంచి తీసి చూపించారు. దిగే వేళ పెట్టుకున్న జత పగిలితే ఆ రెండోదే దిక్కు. అందుకే ఆ ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది.

తర్వాత విమానంలో లోపాలు, మరమ్మతులు రాసే టెక్ లాగ్ తెరిచారు. ఒక చిన్న లోపం మరమ్మతు వాయిదాలో ఉంది. దాన్ని ఎన్ని రోజుల్లో సరిచేయాలి, అంతవరకు మేం ఏం జాగ్రత్తపడాలి అని నన్నడిగారు. నేను ఏ లోపంతో ఏ షరతుల మీద ఎగరొచ్చో చెప్పే ఎంఈఎల్ పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను. వాళ్లకు కంఠతా అప్పజెప్పడం అక్కర్లేదు. ఎక్కడుందో తెలుసా, చూసి పాటిస్తున్నామా అన్నదే కావాలి. ఇంధనం లెక్క, లోడ్ షీట్, హైదరాబాద్ వాతావరణం, 28 రోజులకోసారి మారే నావిగేషన్ డేటాబేస్ తేదీ, అన్నీ అడిగారు. కాక్‌పిట్‌లో గొడ్డలి, మంటలార్పే సిలిండర్ ముల్లు చూసి క్యాబిన్‌లోకి వెళ్లారు.

అక్కడ ఎయిర్‌హోస్టెస్ సీటు పక్కనుండే ఎమర్జెన్సీ టార్చి మీద చిన్న దీపం మెరవడం లేదు. ఇంజినీరు వచ్చి వేరేది పెట్టేదాకా ప్రయాణికులను ఎక్కించలేదు. టెర్మినల్ హాల్లో కొందరు విసుక్కున్నారట. పొగ నిండిన చీకట్లో ఆ టార్చే దారి చూపాలి. ఆ కాసేపు ఆగడం న్యాయమే.

సెలవులో తిరువూరు వెళ్లినప్పుడు నాన్నకు చెప్పాను. ఆయన మా ఊరి ఆర్టీసీ డిపోలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. "డ్యూటీకి ముందు మిషన్‌లో ఊదమంటారా?" అన్నారు. "ఊదాలి నాన్నా. సున్నా రావాల్సిందే. మందు ముట్టి పన్నెండు గంటలు కాకుండా విమానం ఎక్కకూడదు" అన్నాను. "మాకూ డిపోలో ఊదించేవాళ్లు. మైలవరం దగ్గర చెకింగ్ వాళ్లు బస్సాపితే కండక్టరు మొహం మాడ్చుకునేవాడు. నేనెప్పుడూ అలా విసుక్కోలేదురా. వెనకాల యాభై మంది ఉంటారు కదా" అన్నారు.

విమానాలకు ఈ తనిఖీ కొత్తేమీ కాదు. ఏ దేశ విమానం తమ గడ్డమీద దిగినా అనవసర ఆలస్యం లేకుండా తనిఖీ చేసే హక్కు దేశాలకు 1944 షికాగో ఒప్పందంలోనే ఉంది. యూరప్ దేశాలు 1996లో విదేశీ విమానాల తనిఖీకి ఉమ్మడి పద్ధతి పెట్టుకున్నాయి. 2014 జనవరిలో అమెరికా మన దేశ విమాన భద్రతా పర్యవేక్షణను రెండో తరగతికి దించింది. మొదటి తరగతి తిరిగి 2015 ఏప్రిల్‌లో గానీ రాలేదు. అప్పుడు వేలెత్తి చూపింది పైలట్లను కాదు, తనిఖీ చేయాల్సిన వ్యవస్థనే. అందుకే మెట్ల దగ్గర నిలబడి అడిగేవాళ్లు ఎక్కువ మంది ఉండాలని నేను కోరుకుంటాను.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు ఒక మాట. తనిఖీవాళ్లు అడిగినదానికి జవాబు గుర్తు రాకపోతే ఊహించి చెప్పకండి, పుస్తకం తెరవండి. మీ రెండో జత కళ్లద్దాలు ఇంట్లో మరిచిపోకండి.