పగడాల వీధి నుంచి రవ్వల అంగడి దాకా

చెన్నపట్నంలో పారీస్ కార్నరు వద్ద దిగి మన్నడి వైపు నడిచేవారికి ఒక ఇరుకు వీధి తగులుతుంది. ఇంగ్లీషు పలక మీద దాని పేరు కోరల్ మర్చంట్ స్ట్రీట్. తమిళంలో పవళక్కార తెరు, అనగా పగడాల వర్తకుల వీధి. అది ఉన్న పేట పేరు ముత్యాలపేట. పేర్లు చూచి మురిసిపోయి వెళ్ళితే బండ్లు, స్కూటర్లు, మూటలు మోసే కూలీలు తప్ప నేను నడిచినంతమేర పగడం అంగడి ఒక్కటీ కంటబడలేదు. అయినా ఆ వీధిని తలచుకోకుండా చెన్నపట్నంలో రవ్వ కొనుట న్యాయం కాదని నా అభిప్రాయం.

17, 18 శతాబ్దులలో పోర్చుగీసు సంతతికి చెందిన యూదు వర్తకులు కొందరు లండను మీదుగా మధ్యధరా సముద్రపు పగడాలను ఇక్కడికి తెప్పించి అమ్మేవారు. ఆ సొమ్ముతో వజ్రాలు కొని ఓడలకు ఎక్కించేవారు. ఎర్రనిది వచ్చేది, తెల్లనిది పోయేది. ఆ తెల్లనిది మన కృష్ణాతీరపు సరుకు. లోకం దానిని గోలకొండ వజ్రమన్నది గాని గోలకొండ అంగడి మాత్రమే. తవ్వినది కొల్లూరు, పరిటాల వంటి ఊళ్ళలో. 17వ శతాబ్దిలో కొల్లూరు గని చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడ అరవైవేలమంది పని చేస్తున్నారని వ్రాసినాడు. ఆ చోటును ఈ దేశభాషలో ‘గని’ అంటారని కూడా వ్రాసుకొన్నాడు. గని అన్నది మన తెలుగు మాటే గదా! పాపం, దానిని ఊరి పేరనుకొన్నాడు. ఆ కొల్లూరు గని తావు నేడు పులిచింతల జలాశయపు నీటి కింద ఉన్నది.

కృష్ణాతీరపు గనులలో దొరికిన 410 కారట్ల ముడి వజ్రమొకటి 1702లో ఈ చెన్నపట్నంలోనే చేతులు మారింది. కోట గవర్నరు తామస్ పిట్ దానిని 48,000 వరహాలకు కొన్నాడు. లండనులో సానబట్టేసరికి 140 కారట్లు మిగిలింది. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధి కొన్నందున ‘రీజెంట్’ అనే పేరుతో ఇప్పుడు పారిస్ లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్నది. మూడింట రెండు వంతులు పొడి అయితేగాని ఆ రాయి వెలగలేదన్నమాట. వజ్రానికి బరువు ఒకటే గొప్ప కాదని చెప్పడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

ఈ కథలన్నీ విచారించే అవసరం మాకు ఒక జత కమ్మలవల్ల కలిగినది. మా అత్తగారివి ఏడురాళ్ళ కమ్మలు. తమిళ దేశంలో తరతరాలుగా ఉన్న మన ఇళ్ళలో ఆ కమ్మలంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. పెళ్ళికూతురికి మంగళసూత్రం తరువాత అడిగేది అవే. అత్తగారు పోతూ పోతూ, “పిల్లలిద్దరికీ” అన్నారు. ఎట్లాగో చెప్పలేదు. మా పెద్దమ్మాయి సేలంలో కాపురముంటున్నది, చిన్నది పుణెలో ఉద్యోగం. ఇద్దరికీ అవ్వ కమ్మలే కావాలి. జత ఒకటి, పిల్లలు ఇద్దరు. ఒక్కొక్క చెవికి ఒక్కొక్కటి అని పంచితే నవ్విపోతారు గదా! వాటిని అమ్మి రెండు కొత్త జతలు కొనుక్కోవచ్చునని తెలిసినవారు సలహా ఇచ్చారు. లెక్క ప్రకారం అది సబబే. అయితే మా వదినగారు, అనగా ఆ కమ్మల యజమానురాలి కూతురు, ఒకే మాట అన్నారు: “రాళ్ళు తీసి పంచితే అవి రాళ్ళవుతాయి గాని అమ్మ కమ్మలు ఎట్లా అవుతాయి అమ్మాయ్?”

సెంట్రల్ స్టేషను నుంచి వాల్టాక్సు రోడ్డు దాటితే షావుకారుపేట. దాని నడుమ టంకసాల వీధి ఈ కొస నుంచి ఆ కొసకు సాగుతుంది. కుంపెనీవారి నాణేల ముద్రాశాల వల్ల వచ్చిన పేరు అది. దక్షిణాన నేతాజీ సుభాస్ చంద్ర బోసు రోడ్డు. మా పెద్దలు దానిని చైనా బజారనేవారు. రోడ్డు మీద అద్దాల అంగళ్ళు. సందులలో, మేడ మెట్ల మీద, ఆరడుగుల గదులలో పనివారు. మార్వాడీ షావుకారు ‘హీరా’ అంటాడు, తమిళ గుమాస్తా ‘వైరం’ అంటాడు, మేడ మీది ఆచారిగారు మాత్రం ‘రవ్వ’ అన్నారు. వారి పెద్దలు నెల్లూరు వైపు నుంచి వచ్చినవారట. ఆ ఒక్క మాటతో మా వదినగారి ముఖం విప్పారింది.

ఆచారిగారు కమ్మలను ముందు వైపు చూడనే లేదు. తిప్పి వెనుక చూచారు. మర విప్పి, కాడను గోటితో తడిమి, “పాత పనమ్మా. కాడ దళసరి, మరచుట్లు అరగలేదు” అన్నారు. తరువాత కుంకుడు రసంలో నానవేసి మెత్తని కుంచెతో తోమారు. మసకగా ఉన్న రాళ్ళు కళ్ళు తెరచినట్లయినవి. వజ్రానికి జిడ్డు అంటే ఇష్టం. గనులలో జిడ్డు పూసిన బల్లల మీద మట్టినీళ్ళు పారించి, అంటుకొన్న వజ్రాలను ఏరే పద్ధతి ఉన్నది. అందుచేత తలనూనె తగిలిన రవ్వ వెలవెలపోతుంది. అది రాయి దోషం కాదు.

ఏడురాళ్ళ కమ్మలో ఒక చక్కని లెక్క ఉన్నది. ఏడు రూపాయి బిళ్ళలు బల్ల మీద పెట్టి చూడండి. మధ్య ఒకటి, చుట్టూ ఆరు. సందు లేకుండా, ఒకదానినొకటి తోసుకోకుండా సరిగ్గా అమరుతాయి. ఐదు పెడితే ఖాళీ, ఏడు పెడితే చోటు చాలదు. అందుచేత ఈ కమ్మకు పెద్ద రాయి అక్కరలేదు. రెండు చెవులకూ కలిసి పద్నాలుగు రవ్వలు ఒకే కొలత, ఒకే ఛాయ, ఒకే సాన కావాలి. వాటిని ఏరి జతపరచినవాడి కంటికే అసలు కూలి.

“ఈ కాడ తీయకుండానే మెడలో వేసుకొనే వీలు లేదా?” అని అడిగింది మా వదినగారే. ఆచారిగారు కొంతసేపు మాట్లాడలేదు. ఆ తరువాత లెక్కల కాగితం వెనుక పెన్సిలుతో గీశారు. కమ్మకు ఒక చట్రం. చట్రం నడుమ రంధ్రం. ఆ రంధ్రంలో కమ్మ కాడ దూర్చి వెనుకనుంచి మర బిగిస్తే అదే పతకం. మర విప్పితే తిరిగి కమ్మ. ఒక్క రాయి కదలదు, ఒక్క టాకా పడదు. అక్క మెడలో ఒకటి, చెల్లెలి మెడలో ఒకటి. ఇంట పెళ్ళి వచ్చినప్పుడు ఇద్దరూ విప్పి ఇస్తే, పెళ్ళికూతురి చెవులకు అవ్వ కమ్మలు మళ్ళీ జత అవుతాయి. ఒక్కరు రాకపోతే జత లేదు. ఈ మాట ఆచారిగారు అనలేదు, మేమూ అనలేదు, అందరికీ తోచింది.

అత్తగారి పట్టుచీర అంచున ఉన్న మామిడిపిందెలు రెండు చట్రానికి అటూ ఇటూ వంపు తిరిగేటట్లు వేయించాము. కాడ కొస గొంతుకు గుచ్చుకోకుండా వెనుక మరకు టోపీవంటి మూత పెట్టారు. చట్రం పైన, గొలుసు దూర్చే కొక్కెం మీద ఒక్కొక్క కొత్త రవ్వ ఉండాలని నేను కోరాను. అవ్వవి ఏడు, అమ్మది ఒకటి.

ఆ ఒక్క రవ్వ ఏరడానికి పట్టిన పొద్దు పతకం గీయడానికి పట్టలేదు. రవ్వ బరువు కారట్లలో కొలుస్తారు. కారట్ అంటే గ్రాములో ఐదవ వంతు. దానిలో నూరవ వంతు సెంటు. మనవారికి నేలా సెంట్లలోనే, రవ్వా సెంట్లలోనే! బంగారానికి చెప్పే కారట్ వేరు, అది మేలిమి లెక్క. నేడు రవ్వకు నాలుగు గుణాలు చూస్తారు: సాన, రంగు, నలుసు లేకపోవడం, బరువు. రంగులేనితనాన్ని ఇంగ్లీషు అక్షరాలలో డి తో మొదలుపెట్టి జడ్ వరకు లెక్కిస్తారు. నలుసును పదింతలు చూపే భూతద్దంతో వెదకుతారు. ఇదంతా తెల్లవారు నేర్పినదని అనుకోనక్కరలేదు. ఆరవ శతాబ్దిలో వరాహమిహిరుడు బృహత్సంహితలో కాకిపాదము, ఈగ, వెంట్రుక వంటి మచ్చలున్న వజ్రం పనికిరాదని హెచ్చరించాడు.

నాలుగింటిలో సాన ముఖ్యం. సాన సరిగా ఉంటే లోపలికి పోయిన వెలుగు అడుగు ముఖాలకు తగిలి తిరిగి కంటికే వస్తుంది. లేకుంటే అడుగునుంచి కారిపోయి రాయి గాజువలె కనిపిస్తుంది. రంగు చూడడానికి అంగడి దీపాలు పనికిరావు. మడచిన తెల్లకాగితం మీద రవ్వను బోర్లించి, వాకిట పగటి వెలుగులో పక్కనుంచి చూడాలి. షావుకారు కుమారుడు మొదట డి రంగు రవ్వ చూపించాడు. మంచు బిందువువలె ఉన్నది. అవ్వ కమ్మ పక్కన పెట్టగానే కమ్మ రాళ్ళు పసుపు తిరిగినట్లు అగుపించినవి! అంతవరకు వాటిలో ఏ లోపమూ కనిపించలేదు. ఎక్కువ వెల పెట్టి అత్తగారి రాళ్ళను చిన్నబుచ్చడం దేనికి?

ఆ పాత రాళ్ళను మా అత్తగారు ‘బ్లూ జాగర్’ అనేవారు. దక్షిణ ఆఫ్రికాలోని జాగర్స్‌ఫాంటెయిన్ గని పేరుమీద వచ్చిన మాట అది. కృష్ణ గనులు తరిగిపోయి, 1720 ప్రాంతాలలో బ్రెజిలులోను, 1860ల చివర దక్షిణ ఆఫ్రికాలోను వజ్రాలు బయటపడిన తరువాత మన తాతమ్మల చెవులకు సముద్రం అవతలి రవ్వలు వచ్చినవన్నమాట. అంగడిలో నీలలోహిత దీపం పట్టి చూపితే పద్నాలుగింటిలో చాలవరకు నీలంగా వెలిగాయి. ఎండలో ఆ రాళ్ళకు వచ్చే నీలిఛాయకు కారణం అదే. ఈ గుణమున్న తెల్లని రవ్వకు నేటి వర్తకులు తరచు వెల తగ్గిస్తారు. మా తాతమ్మలు దానినే కోరి కొన్నారు.

చిన్నమ్మాయి పుణె నుంచి ఫోనులో, “అమ్మా, ల్యాబులో చేసిన రవ్వ పెట్టించు, అదీ వజ్రమే, వెల ఎంతో తక్కువ” అన్నది. పిల్ల అన్నది నిజమే. అవి గాజు కావు, ‘అమెరికన్ డైమండ్’ అనే జిర్కోనియా కావు. గనిలోనిదీ కర్బనమే, యంత్రంలోనిదీ కర్బనమే. సూరతులో విరివిగా తయారవుతున్నాయి. ఈ చెన్నపట్నపు ఐ.ఐ.టి.లోనే వాటి పరిశోధన జరుగుతున్నది. కంటికి తేడా తెలియదు, అంగడిలో గుచ్చి చూచే మామూలు మీటకూ తెలియదు, ప్రయోగశాలలోనే తేలుతుంది. కొనేవారు తెలిసి కొంటే అందులో తప్పు లేదు. తిరిగి అమ్మబోతే వచ్చేది స్వల్పమని మాత్రం ఎరిగి ఉండాలి. మాకు వచ్చిన చిక్కు వేరు. అవ్వ రాళ్ళది పాతకాలపు సాన. పై పలక చిన్నది, అడుగు కొసను చిన్నగా నరికినందున నడుమ చుక్కవలె కనిపిస్తుంది, మెరుపు పెద్ద పెద్ద రేకులుగా వస్తుంది. నేటి 57 ముఖాల సానలో మెరుపు సన్నగా చిటపటలాడుతుంది. రెండూ అందమే, పక్కపక్కన పొసగవు.

చివరకు షావుకారు లోపలినుంచి వేరొక పొట్లం తెప్పించాడు. పాత నగలనుంచి విప్పిన రవ్వలు అవి. మధ్యాహ్నం మూడు గంటలకు వాకిట వెలుగులో మా వదినగారే రెండు ఏరారు. ఒక్కొక్కటి పదిహేను సెంట్లు. అందులో ఒకదానికి అంచున సన్నని నలుసు ఉన్నది. “పెద్దదానికా చిన్నదానికా?” అన్నాను. “చీట్లు వేయండి” అన్నారు ఆచారిగారు. చీటీలో అది పెద్దమ్మాయికి వచ్చింది. ఫోనులో చెబితే, “అయితే నాది ఏదో నాకు ఎప్పటికీ తెలుస్తుంది” అని సంతోషించింది.

పతకాలతోపాటు పెట్టెలో ఒక కాగితం ఉంచాము. కమ్మలు ఎవరివి, ఒక్కొక్కటి ఎంత తూగింది, మర ఏ వైపు తిప్పాలి, ఎవరి పెళ్ళికి ఎవరు తేవాలి అన్నది తెలుగులో వ్రాశాను. చిన్నమ్మాయికి తెలుగు చదవడం కూడబలుక్కొనే వస్తుంది. ఇంగ్లీషులో కూడా వ్రాయమన్నది. “అక్కను అడుగు” అని వదినగారు అడ్డుపడ్డారు.

ఇటువంటి పని పెట్టుకొనేవారికి నాలుగు మాటలు. పగలు వెళ్ళండి, సాయంత్రం దీపాల వేళ వద్దు. పాత నగ ఇచ్చేముందు మీ ఎదుట తూకం వేయించి, వెనుక, ముందు ఫొటో తీసుకొనండి. రవ్వకు ప్రయోగశాల పత్రం కావలెనంటే బిగించకముందే చేయించాలి. బిగించిన రాయిని సరిగా తూచలేరు. కొత్త బంగారానికి 22 కారట్లయితే 916 అన్న ముద్ర, 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయిన ఆరు అక్షరాల హెచ్.యు.ఐ.డి. గుర్తు ఉన్నవో లేవో చూడండి. తరుగు ఎంత, మజూరీ ఎంత అన్నది ముందే విడివిడిగా వ్రాయించుకొనండి. అన్నిటికంటె ముందు ఇంట్లో కూర్చొని, ఆ నగ ఎవరిని గుర్తుచేయాలో తేల్చుకొని బయలుదేరండి. అది తేలితే ఏ రాయి తీయాలో, ఏ రాయి తీయకూడదో అంగడిలో మీకే తెలుస్తుంది.