గూడబాతుల లెక్క

పెళ్ళిళ్ళలో ఎవరైనా మా మేనకోడలు ఏం ఉద్యోగం చేస్తోందని అడిగితే మా వదిన, "కొల్లేట్లో కొంగల్ని లెక్కపెడుతోంది" అంటుంది. ఎకాలజిస్టు అనే మాట ఆవిడకు నోరు తిరక్క కాదు, విన్నవాళ్ళకు తెలియదని. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని గదా అని ఒకసారి నన్నే మంచి మాట చెప్పమంది. "జీవావరణ శాస్త్రజ్ఞురాలు" అన్నాను. "కొంగలే నయం" అంది.

మా అన్నయ్యకు ఈ వేళాకోళం గిట్టదు. కారణం లేకపోలేదు.

కొల్లేరు మా ప్రాంతానికి పెరటి చెరువు లాంటిది. కృష్ణా గోదావరుల మధ్య పల్లం. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చి పోసిన నీరంతా ఉప్పుటేరు ఒక్కదాని గుండానే సముద్రానికి పోవాలి. దండి దశకుమారచరిత్రలో ఆంధ్ర నగరం పక్కన వర్ణించిన మహాసరస్సు ఇదేనని పెద్దలంటారు. ఆ పాఠం చెప్పినప్పుడల్లా నేను గర్వంగా కిటికీలోంచి కొల్లేటి దిక్కుకు చెయ్యి చూపిస్తాను. పిల్లలకు అటు కనిపించేది సైకిళ్ళ షెడ్డు.

1970ల తర్వాత సరస్సు లోపల చేపల చెరువులు లేచాయి. గట్టు మీద గట్టు. 1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యమన్నారు. (నీళ్ళకు అరణ్యమని పేరేమిటో!) 2002లో రామ్సర్ జాబితాకెక్కింది. 2006లో న్యాయస్థానం ఉత్తరువుల మీద గట్లు కొట్టేశారు. అన్నయ్య నలుగురితో కలిసి కౌలుకు తీసుకున్న చెరువు గట్టు ఒక మధ్యాహ్నం తెగింది. వదిన గాజులు అప్పటికి తాకట్టులో ఉన్నాయి. ఎనిమిదేళ్ళ పిల్ల నా చెయ్యి పట్టుకుని, బొచ్చెలూ శీలావతులూ నీళ్ళతోపాటు కొట్టుకుపోతుంటే చూసింది. ఆ పిల్లే జంతుశాస్త్రం చదివి, నోటుపుస్తకం పట్టుకుని అదే కొల్లేటికి తిరిగొచ్చింది.

"నా గట్టు తెగినందుకు సంతోషించేవాళ్ళలో కలిసింది" అన్నాడు అన్నయ్య. కూతురితో మాట్లాడడం మానలేదు గాని, అన్నం దగ్గర తప్ప మాట్లాడేవాడు కాదు. ఇప్పుడాయనకు అభయారణ్యం హద్దుకు బయట, సొంత పొలంలో తవ్విన చెరువొకటి ఉంది. గూడబాతులకు హద్దులు తెలియవు గదా. అవి దిగినప్పుడల్లా, "నీ చుట్టాలొచ్చారే" అని కూతుర్ని కేకేసి టపాకాయ వెలిగిస్తాడు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో దాని పని చూద్దామని వెళ్ళాను. ఆటపాక దగ్గర చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పాతారు, గూడబాతులు వాటిమీదే గూళ్ళు పెట్టి కాపురం చేస్తాయి. లెక్కపెట్టడం ఆ పనిలో కొంతే. నీటి లోతు, ఉప్పదనం, నీట్లో కరిగిన ప్రాణవాయువు, అన్నీ రాసుకోవాలి. ఆ చివరిదానికి తెల్లవారుజామునే పోవాలిట. రాత్రంతా నాచూ చేపా అన్నీ పీల్చుకునేవే గాని ఇచ్చేవి ఉండవు, పొద్దెక్కేముందు నీళ్ళు బొత్తిగా ఖాళీ అవుతాయని చెప్పింది.

పక్కగదిలోంచి అన్నయ్య, "అది తెలియడానికి ఎమ్మెస్సీ ఎందుకు? ఆ వేళకు చేపలు నోళ్ళు పైకెత్తుతాయి. నేను పాతికేళ్ళ నించి ఆ వేళకే లేస్తున్నాను" అన్నాడు. కాసేపాగి, "రేపు నన్నూ లేపండి" అన్నాడు.

చీకట్లో పడవెక్కాం. చలికి నేను శాలువలో ముడుచుకున్నాను, తండ్రీ కూతుళ్ళు చెరొక చివరా కూర్చున్నారు. గుర్రపుడెక్క దట్టంగా కమ్మిన మూల చూపించి అన్నయ్య, "అక్కడ ఊపిరుండదు" అన్నాడు. పిల్ల మీటరు తీగె దింపింది. "రెండు కూడా లేదు నాన్నా" అంది. కిక్కిస పక్కగా పోతూ, "ఇక్కడ ఉంటుంది, కింద పారుదలుంది" అన్నాడు. దింపింది. ఉంది.

"పారుదల ఎక్కణ్ణించి?"

"పాత కాలవ. మన గట్టు దానిమీదే వేశాం" అన్నాడు అన్నయ్య నీళ్ళకేసి చూస్తూ. "వెయ్యకూడదని అప్పుడే ఒక ముసలి జాలరి చెప్పాడు. వేశాం."

పిల్ల ఏమీ అనలేదు. టార్చి వెలుతుర్లో పుస్తకం తెరిచి, "కాలవ ఎంత లోతుండేది?" అంది.

"నాకు మొలలోతు. నీకు పీకల్లోతు."

"ఎటు తిరిగేది?"

పుస్తకం అందుకుని ఆయనే గీశాడు. వంకర గీత. సరస్సు మీద తెల్లవారుతుంటే గూడబాతులు బరువుగా లేచి మా నెత్తిమీదుగా పోయాయి. పిల్ల లెక్క మరిచిపోయి గీత చూస్తోంది. నలభై దాకా నేనే లెక్కపెట్టాను.

మర్నాడు నేను బయలుదేరుతుంటే అన్నయ్య చెరువు మీద టపాకాయ పేలింది. "మళ్ళీనా?" అన్నాను.

"అది వేరు. వీటికి నేను పెట్టే మేత ఖరీదెంతో తెలుసా?" అన్నాడు. పిల్ల అరుగు మీద కూర్చుని, ఎన్ని లేచాయో రాసుకుంటోంది.