మంటకో పేరు... మరి కరువుకు?

నారాయణఖేడ్ పల్లెల్లో ముసలివాళ్లను ఏ సంవత్సరం పుట్టారని అడిగితే కొందరు అంకె చెప్పరు. ‘పోలీస్ యాక్షన్ అయినప్పుడు చంటిపిల్లను’ అంటుంది ఒకామె. ‘డెబ్బైరెండు కరువులో నా పెండ్లయింది’ అంటాడు ఇంకో పెద్దాయన. అంటే 1948, 1972! బడి రిజిస్టరు లేనిచోట ఆపదే క్యాలెండరు మరి.

ఆస్ట్రేలియా వాళ్లకూ ఈ అలవాటుంది. కాకపోతే అక్కడ గుర్తుపెట్టుకునేది కార్చిచ్చుల్ని. ‘బ్లాక్ ఫ్రైడే’ అంటే 1939 జనవరి 13. విక్టోరియా రాష్ట్రంలో 71 మంది ఆహుతైన రోజు. ‘యాష్ వెడ్నెస్‌డే’ అంటే 1983 ఫిబ్రవరి 16. క్రైస్తవులు నుదుట బూడిద పెట్టుకునే బుధవారం నాడే మంటలు లేచి, 75 మందిని పొట్టనపెట్టుకున్నాయి. 2009 ఫిబ్రవరి 7 ‘బ్లాక్ సాటర్‌డే’. ఆరోజు పోయినవాళ్లు 173 మంది.

ఇవి జనం నోట నిలిచిన పేర్లు. అగ్నిమాపక సిబ్బంది పెట్టే పేరు వేరు. మంట మొదట ఎక్కడ కనిపిస్తే ఆ ఊరు, ఆ కొండ పేరే దానికి పెట్టేస్తారు. ఒకేరోజు వందలచోట్ల అంటుకుంటే ఏ బండి ఎటు వెళ్లాలో తెలియాలి కదా! చిక్కేమిటంటే, మంట పుట్టినచోట ఆగదు. బ్లాక్ సాటర్‌డే నాడు కింగ్‌లేక్ అనే ఊరు కాలి బూడిదైంది. కానీ రికార్డుల్లో ఆ మంట పేరు ‘కిల్‌మోర్ ఈస్ట్’!

మన దగ్గర దీనికి సరిగ్గా తిరగేసిన కథ ఉంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. కన్నుకు కుడివైపున సముద్రం ఎక్కువగా పొంగుతుంది. అటువైపున్నది దివిసీమ. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పట్లో మన తుపాన్లకు పేర్లు పెట్టే పద్ధతి లేదు, అది 2004లో మొదలైంది. జనమే ‘దివిసీమ ఉప్పెన’ అన్నారు. తుపాను ఎక్కడ ఒడ్డెక్కిందని చూడలేదు, ఎవరిల్లు ఏడ్చిందో చూశారు. 2014లో విశాఖను ఊడ్చేసిన ‘హుద్‌హుద్’కు మాత్రం ఒమన్ ఇచ్చిన పేరు ముందే సిద్ధంగా ఉంది. అదో పిట్ట పేరు.

అంతకుముందు తాతముత్తాతలు కరువులకు పంచాంగం చూసి పేరు పెట్టారు. 1832-33లో గుంటూరు ప్రాంతంలో దాదాపు మూడోవంతు జనాన్ని మింగింది నందన కరువు. 1876లో మొదలైంది ధాత కరువు. రెండూ తెలుగు సంవత్సరాలే. ఈ పేర్లలో ఒక సుగుణముంది. అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చి తలుపు తడతాయి. 2012 ఉగాది నాడు పంతులుగారు ‘శ్రీ నందన నామ సంవత్సరం’ అని చదివారు. ఆ కరువు ఎందరికి గుర్తొచ్చింది?

మళ్లీ నారాయణఖేడ్‌కే వద్దాం. 2016 వేసవిలో మంజీర మీది సింగూరు జలాశయం అడుగంటింది. హైదరాబాద్‌కు అక్కడి నీళ్లు ఆగిపోయాయి. బోర్లు ఎండిపోయాయి. కానీ ఆ కరువుకు పేరు లేదు. మంట ఒక్కరోజులో ఊరిని కాల్చేస్తుంది కాబట్టి ఆ రోజుకు పేరొస్తుంది. కరువు నెలలకొద్దీ నిదానంగా కాలుస్తుంది. కెమెరాలకు అందదు. ‘కరువు మండలాల జాబితా’లో ఒక గడిగా మిగిలిపోతుంది.

ఏటా చెరకు నరకడానికి పిల్లాపాపలతో వలసపోయే తండాలున్న ప్రాంతమిది. ఆ వేసవిలో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. పుట్టినతేదీ వాళ్ల ఆధార్ కార్డులో అచ్చయి ఉంది. అయినా ఏదో ఒక రాత్రి ‘అమ్మా, నేను పుట్టినప్పుడు ఎట్లుండె?’ అని అడగకపోరు. ఆ తల్లి నోటి నుంచి వచ్చే మాటే ఆ కరువుకు అసలు పేరు.