కరెంటుకి నీరటి కావాలి

ఈ మధ్య కరెంటు గురించి ఎవరు మాట్లాడినా కథ ఒకేలా ఉంటోంది. డాబా మీద సోలార్ పలకలు, కింద ఎలక్ట్రిక్ కారు, గోడకి బ్యాటరీ, పక్కన స్మార్ట్ మీటరు. ఇంకేముంది, వినియోగదారుడే రాజు! 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కి 78,000 రూపాయల సబ్సిడీ కూడా పెట్టారు. మంచిదే, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఈ కథలో ఒక పాత్రని అందరూ మర్చిపోతున్నారు. అదే, వీధి చివర నిలబడి ఉండే ట్రాన్స్‌ఫార్మర్. దాని విలువ నాకు ఇంజనీరింగ్ కాలేజీలో కన్నా ముందు ములుగు దగ్గర మా ఊళ్ళోనే తెలిసింది.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. ఉచితమైతే అయింది గానీ రోజుకి ఏడు గంటలని మాట, అదీ విడతలుగా, అందులో ఒక విడత రాత్రి పూట. ఎప్పుడొస్తుందో తెలియని కరెంటు కోసం రైతు బావి దగ్గరే పడుకోవాలి. చీకట్లో పాము కరిచో, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టో పోయిన రైతుల వార్తలు పేపర్లో జిల్లా పేజీల్లో వస్తూనే ఉండేవి.

దానికి రైతు వెతుక్కున్న ఆటోమేషన్ పేరు ఆటో స్టార్టర్. చిన్న డబ్బా. కరెంటు రాగానే తనే మోటారు ఆన్ చేస్తుంది. రైతు ఇంట్లో హాయిగా పడుకోవచ్చు. ప్రాణాలు కాపాడిన టెక్నాలజీ అంటే నా దృష్టిలో అదే.

మరి సమస్య ఏంటంటారా? లెక్క చూడండి. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కో ఫేజులో సుమారు 135 ఆంపియర్లు మోయగలదు. దాని కింద 5 హెచ్.పి. మోటార్లు పది ఉన్నాయనుకుందాం. నడుస్తున్నప్పుడు ఒక్కోటి ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది, మొత్తం 75. ఏ ఇబ్బందీ లేదు. కానీ ఇండక్షన్ మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు దానికి ఆరు రెట్ల దాకా లాగుతుంది. పదీ ఒకే క్షణంలో లేస్తే 450! వోల్టేజి పడిపోతుంది, కొన్ని మోటార్లు తిరగలేక మూలుగుతాయి, వైండింగ్ కాలుతుంది. ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఇక ఊరంతా చందాలేసుకుని దాన్ని ట్రాక్టర్ మీద రిపేరు షాపుకి తీసుకెళ్ళాలి. అది తిరిగొచ్చేలోపు పొట్ట మీదున్న వరి ఆగుతుందా?

సర్వర్ల మీద పనిచేసేవాళ్ళకి ఈపాటికి వెలిగే ఉంటుంది. ఇది అచ్చంగా థండరింగ్ హెర్డ్. సర్వర్ పడిపోయి లేవగానే క్లయింట్లన్నీ ఒకేసారి మీదపడి దాన్ని మళ్ళీ పడగొట్టడం. మనం దానికి ర్యాండమ్ బ్యాకాఫ్ రాసుకుంటాం. ఊళ్ళో ఆ డబ్బాలకి ఎవరు రాస్తారు?

పోనీ ఎవరికి వాళ్ళు ఆలస్యంగా స్టార్ట్ చేసుకోవచ్చుగా అని మా బాపుని ఒకసారి అడిగాను. "అందరు ముందుగాల పెట్టినంక నేను పెడితే నా మోటరుకు వోల్టేజి ఏడ మిగుల్తది?" అన్నాడు. నిజమే. ఆయన తెలివితక్కువగా ఏం చేయలేదు. అందరూ తెలివిగా చేయడమే సమస్య.

2018 జనవరి 1 నుంచి తెలంగాణ వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలుపెట్టింది. అప్పుడు దాదాపు 23 లక్షల పంపుసెట్లు. రోజంతా మోటార్లు నడిస్తే భూగర్భజలం ఖాళీ అవుతుందని ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు. మా బాపు వెంటనే తీయలేదు. ఒక పంటకాలం చూశాడు. కరెంటు పొద్దున కూడా ఉంటుందని నమ్మకం కుదిరాక తీశాడు. ఆ డబ్బా తీయించింది ఆర్డరు కాదు, నమ్మకం.

ఇప్పుడు నగరానికి వద్దాం. ఇంట్లో పెట్టుకునే 7.4 కిలోవాట్ల కారు చార్జర్ అంటే దాదాపు రెండు 5 హెచ్.పి. మోటార్లు. దానికి మోటారులా ఆరు రెట్ల కుదుపు ఉండదు, కానీ గంటల తరబడి లాగుతుంది. ఆఫీసు నుంచి అందరూ ఒకే టైముకి వచ్చి ప్లగ్ పెడతారు. మధ్యాహ్నం సోలార్‌ది దీనికి తిరగేసిన కథ. వీధిలో అన్ని ఇళ్ళూ ఒకేసారి కరెంటు వెనక్కి తోస్తే వోల్టేజి పెరిగి, లైను చివరి ఇంటి ఇన్వర్టర్ ముందు ఆగిపోతుంది.

ధరతో సర్దుదామని కేంద్రం 2023 జూన్‌లో నిబంధనలు మార్చింది. ఎండ ఉన్న గంటల్లో రేటు 10 నుంచి 20 శాతం తక్కువ, పీక్ గంటల్లో 10 నుంచి 20 శాతం ఎక్కువ. ఆలోచన సరైనదే. కానీ చవక గంట మొదలవగానే ప్రతి యాప్‌లోనూ టైమర్ అదే నిమిషానికి మోగితే? అది ఆటో స్టార్టరే, కాకపోతే వైఫై ఉంటుంది!

బ్రిటన్ వాళ్ళు దీన్ని ముందే చూశారు. 2022 జూన్ 30 నుంచి అక్కడ అమ్మే ఇంటి చార్జర్లు మామూలుగా 10 నిమిషాల లోపు ఏదో ఒక ర్యాండమ్ ఆలస్యంతో మొదలవ్వాలని చట్టం పెట్టారు. కోడ్‌లో చూస్తే ఒక్క లైను. దాంతో ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు ఊపిరి పీల్చుకుంటాయో!

మాకు ఇది కొత్తేం కాదు. కాకతీయుల నాటి రామప్ప, లక్నవరం చెరువులున్న నేల మాది. పాతకాలంలో చెరువు నీళ్ళు పంచడానికి ఊరికో నీరటి ఉండేవాడు. తూము దగ్గరి మడికీ, చివరాఖరి మడికీ వంతు ప్రకారం నీళ్ళు వదలడం ఆయన పని. నీళ్ళు పుట్టించడు, పంచుతాడు అంతే. ఆయన్ని నమ్మారు కాబట్టే గట్టు తెంచుకోలేదు.

సోలార్ వల్ల కరెంటు పుట్టించడం చవకవుతోంది. పంచడం అలా కాదు. రేపటి నీరటి ఏ మీటర్లోనో, ఏ చార్జర్లోనో ఉండే సాఫ్ట్‌వేరే, రాసేది మనలాంటివాళ్ళే. అది తూము దగ్గరి వాడికే ముందు వదిలేలా రాస్తామా, చివరి మడి దాకా చేరేలా రాస్తామా? నా ఓటు చివరి మడికే. మీరేమంటారు?