పొడుగు రాయి

మార్కాపురం పేరు వింటే మీకు పలక జ్ఞాపకం రావచ్చు. నాకిప్పుడు గోడ జ్ఞాపకం వస్తుంది.

మొన్న సెలవుల్లో అక్కడ రైలెక్కి గిద్దలూరులో దిగాను. నల్లమల అంచు పల్లెలో, వానకు కూలిన ప్రార్థన మందిరాన్ని సంఘస్థులు తిరిగి కడుతున్నారు. అయ్యగారే తట్ట ఎత్తగా నేనూ రాళ్ళందించాను. గోడకు రెండు వరుసల రాయి, నడుమ మట్టి. మేస్త్రీ అక్కడక్కడా రెండు వరుసలనూ కలిపేలా అడ్డంగా పొడుగు రాయి పెడుతున్నాడు.

"ఇదెందుకు?" అన్నాను.

"ఇది లేకుంటే ఏ వరుస దారి దానిదే సారూ!"

1993 సెప్టెంబరు 30 వేకువన మహారాష్ట్రలోని కిల్లారి భూకంపంలో, ఆ రాయి లేని గోడలే నిద్రలో ఉన్నవారిపై పడ్డాయి. 7,000 మందికి పైగా పోయారు. 1967 మార్చి 27న మన ఒంగోలు ప్రాంతమూ కంపించింది.

మార్కాపురంలో మా అమ్మ పడుకునే గదికీ అలాంటి పాత గోడలే. రేపే మేస్త్రీని వెంటబెట్టుకుని వెళుతున్నాను.