పడవంత నమ్మకం

రాజమండ్రిలో గోదావరి దాటితే కొవ్వూరు. డెట్రాయిట్‌లో నది దాటితే పరదేశం, కెనడా! సొంత పడవైనా సరే, కస్టమ్స్‌కి చెప్పి తీరాలండీ.

మా అబ్బాయికీ, కోడలికీ, మనవడికీ నెక్సస్ కార్డులున్నాయి. రెండు ప్రభుత్వాలూ పూర్వాపరాలు విచారించి 5 ఏళ్లకిచ్చే నమ్మకం అది. కనీసం 30 నిమిషాల ముందు ఫోన్ చేసి చెప్పి, వాళ్లు ఒప్పుకున్న రేవులో దిగడమే.

"కాకపోతే పడవలో అందరికీ ఉండాలి నాన్నా. ఒక్కరికి లేకపోయినా ఆ పూటకి ఎవరి కార్డూ చెల్లదు" అన్నాడు అబ్బాయి.

నాకు కెనడా వీసా ఉంది గానీ, చుట్టపుచూపుగా వచ్చినవాడికి ఆ కార్డివ్వరు. నమ్మకం మనిషికో కార్డు చొప్పున. లెక్క మాత్రం పడవకి! "మీరు వెళ్లిరండర్రా" అన్నాను. మనవడు వింటేనా? చెయ్యి పట్టి లాగాడు.

విండ్సర్ రేవులో అబ్బాయొక్కడే దిగి ఫోన్ చేశాడు. అనుమతి వచ్చేదాకా తక్కినవాళ్లం పడవ దిగకూడదు. అంతసేపూ మనవడు నా ఒళ్లోనే కూర్చున్నాడు.